పన్నెండో రొట్టె

మసిలే నీళ్లు జొన్నపిండిలో పోసి, గరిటె కాడతో రెండు తిప్పులు తిప్పి, మొగులమ్మ ముద్దను అరచేత్తో అదిమి అదిమి పిసుకుతున్నది. జొన్నపిండి ఆగే రకం కాదు. వేడి మీద ఉండగానే లొంగదీసుకోవాలి. చల్లారిందా, రొట్టె అంచంతా పగుళ్లే. అందుకే ఆ నాలుగు నిమిషాలు ఎవరు పిలిచినా ఆమె తలెత్తదు. ఆ సంగతి తెలిసినవాళ్లు కాబట్టి అరుగు మీద కూర్చున్న ఆరుగురూ నోరు మెదపకుండా పెనం వైపు చూస్తున్నారు.

కంసాన్‌పల్లి బస్టాండు వెనక సందులో, మొగులమ్మ ఇంటి రేకుల వసారా కింద, తొమ్మిదేళ్లుగా రోజూ ఇదే వరస. సాయంత్రం అయిదుకు పొయ్యి రాజుకుంటుంది. ఏడయ్యేసరికి అరవై రొట్టెలు, ఒక గిన్నెడు ఎల్లిగడ్డ కారం అయిపోతాయి. చిక్కల్లా వానతోనే. రేకుల సందుల్లోంచి నీళ్లు పొయ్యిలో పడతాయి. పొగ లేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతారు. ఏడాదిలో మూడు నెలలు మొగులమ్మ బేరం మబ్బుల ఇష్టాన్ని బట్టి నడుస్తుంది.

ఆ ఆరుగురిలో ఒకాయన ధనుంజయం. మహిళా ఔత్సాహిక వికాస కేంద్రంలో క్షేత్ర పరిశీలకుడు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. షుగరు వచ్చింది, రాత్రిపూట అన్నం మానెయ్యమని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఆయనకు మొగులమ్మ రొట్టె తప్పనిసరి అయింది.

"మొగులమ్మా, బస్టాండుకు ఎదురుంగ కట్టిన మహిళా కాంప్లెక్సు చూసినవా?" అన్నాడు ఆయన ఆ రోజు.

"సూడకేం సారూ. పిండి మరకు పోయేది దాని ముంగట నుంచే గద."

"ఎనిమిది దుకాణాలు. అన్నీ ఆడవాళ్లకే. నాలుగో నంబరు సరిగ్గా బస్సులు ఆగే తావున ఉంటది. పైన స్లాబు, లోపల నల్లా, గ్యాసు పొయ్యి కూడా మా కేంద్రమే ఇస్తది. 'తొలి అడుగు' అని కొత్త పథకం. నీ అసొంటిదానికే పెట్టినట్టుంది."

పెనం మీద రొట్టెకు తడిగుడ్డ అద్దుతున్న మొగులమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మిగతావేవీ ఆమె చెవికి ఎక్కలేదు. స్లాబు అన్న మాట మాత్రం ఎక్కింది. స్లాబు కింద వాన పడదు.

లోపలి నుంచి ఆమె అత్త శివ్వమ్మ గొంతు వినిపించింది. "తీసుకో పిల్లా. పొగకు కండ్లు పోతున్నయి. నీయి గాదు, నాయి."

మర్నాడు పొద్దున్నే మొగులమ్మ పెట్టెలోని నీలం చీర కట్టుకుని వికాస కేంద్రానికి వెళ్లింది. ప్రాజెక్టు అధికారిణి వసుంధర చాలా మర్యాదగా కూర్చోమన్నది. గోడ మీద, రెక్కలు విప్పి ఎగురుతున్న స్త్రీ బొమ్మ ఉన్నది. దాని కింద దరఖాస్తుల దొంతరలు కదలకుండా ఉన్నాయి.

"మీలాంటి మహిళామణులు గడప దాటి ముందుకు రావడమే మా కేంద్రం ఆశయం," అన్నది అధికారిణి. "ఏ వ్యాపారం స్థాపించదలచుకున్నారు?"

"జొన్నరొట్టెలు మేడం."

"శుభం. చిరుధాన్యాలు. పోషక విలువలు. ఈ రంగంలో మీకున్న అవగాహన?"

"తొమ్మిదేండ్ల సంది అమ్ముతున్న మేడం."

అధికారిణి కలం ఆగింది. ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"అమ్ముతున్నారా? ఇప్పటికే?"

"ఔ మేడం. రోజుకు అర్వై."

"అయ్యో, ఎంత పని చేశారమ్మా! పథకం పేరు తొలి అడుగు. వ్యాపారంలో అడుగే పెట్టని మహిళ చేత మొదటి అడుగు వేయించడం మా బాధ్యత. మీరు మాకు చెప్పకుండా ముందే వేసేసుకున్నారు. ఇప్పుడు మేము మీ చేత ఏ అడుగు వేయించాలి?"

మొగులమ్మకు తప్పు చేసినట్టే అనిపించింది. "మరి ఎట్ల మేడం? వేసిన అడుగు వెనుకకు తీసుకోవచ్చునా?"

అధికారిణి ముఖం వెలిగింది. అందుకు నిబంధన ఉన్నది. నూటఎనభై రోజులు ఎలాంటి వ్యాపారమూ చేయకుండా ఉన్న స్త్రీని, అంతకుముందు ఆమె ఏం చేసినా సరే, నూతన ఔత్సాహికురాలిగా పరిగణించవచ్చు. దానికి నిర్వ్యాపార ధ్రువీకరణ పత్రం కావాలి. దాంతోపాటు, భర్తకు వేళకు భోజనం అందుతుందని భార్య రాసిచ్చే హామీపత్రం, దాని మీద భర్త సంతకం, ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు.

ఆ కాగితం మీద సంతకం చేస్తూ మొగులమ్మ మొగుడు రాచయ్య అనుమానంగా అడిగాడు. "నేను వేళకు కూలి తెస్తనని నాతోని ఎవ్వరు రాయించుకోరా?"

"ఆ పథకం ఇంక రాలే," అన్నది మొగులమ్మ.

ఆ సాయంత్రమే ఆమె అరుగు మీద వాళ్లకు చెప్పింది. దసరా దాటేదాకా రొట్టెల్లేవు, ఆ తర్వాత దుకాణంలోనే. లారీ డ్రైవరు ఒకాయన ఖాళీ పెనం వైపు చూసి, "మంచిగ నడుస్తున్న బేరం ఎందుకు బందు పెడుతున్నవక్కా?" అన్నాడు.

"బేరం మొదలుపెట్టేందుకు," అన్నది మొగులమ్మ. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఆమెకే ఏదో తేడాగా వినిపించింది. కానీ కళ్లముందు స్లాబు కనపడుతున్నది.

వ్యాపారం చేస్తున్నట్టు నిరూపించడం తేలిక. చేయనట్టు నిరూపించాలంటే రోజూ ఎవరో ఒకరు వచ్చి చూడాలి. ఆ బాధ్యత ధనుంజయానికే అప్పగించారు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆయన రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని నులకమంచం మీద కూర్చునేవాడు. అంతకుముందు రొట్టె కోసం కూర్చున్న చోటే, ఇప్పుడు రొట్టె అమ్మడం లేదని రాసుకోవడానికి.

మొదటిరోజే ఇంటి అవసరం ఎంతో తేల్చవలసి వచ్చింది.

"రాచయ్య ఎన్ని తింటడు?"

"అయిదు."

"నువ్వు?"

"మూడు."

"పెద్దమ్మా, నువ్వు?"

"పండ్లు లేనిదాన్ని, రెండు తింట," అన్నది శివ్వమ్మ. "రాసుకునేటట్టయితే మూడు రాయి. సర్కారు లెక్కల తక్కువ పడొద్దు."

మొత్తం పదకొండు. గృహావసర పరిమితి అని రాసి కింద గీత గీశాడు ధనుంజయం. ఆ తర్వాత మొగులమ్మ వరసగా కాలుస్తుంటే వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. పదకొండోది బుట్టలో పడింది. ఆమె చేతిలో ఇంకో ముద్ద ఉన్నది.

"ఆగాగు. అదేంది?"

"పన్నెండోది. తవ్వెడు పిండి కలిపితే పన్నెండు అయితయి సారూ. మా అవ్వ ఇచ్చిన తవ్వ. పుట్టిన కాడి నుంచి దాంతోనే కొలుస్తున్న."

"పిండి తగ్గించలేవా?"

"తవ్వ తరుగుతదా సారూ?"

ధనుంజయం నిబంధనల పుస్తకం తిరగేశాడు. పన్నెండోది ఇంటి అవసరానికి మించిన ఉత్పత్తి. మించిన ఉత్పత్తి మిగిలితే నిల్వ. నిల్వ ఉన్నదంటే అమ్మే ఉద్దేశం ఉన్నట్టే. అంటే నూటఎనభై రోజుల లెక్క ఒకటో రోజునే ఆగిపోతుంది. ఆయన తలెత్తేసరికి పన్నెండో రొట్టె పెనం మీద పొంగి, ఆవిరి వదులుతున్నది.

"ఇది ఇంట్ల ఉండొద్దు," అన్నాడు గంభీరంగా. "నశింపజేయాలె."

ఎల్లిగడ్డ కారంతో నశింపజేశాడు. చేతులు కడుక్కుని అలవాటుగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీశాడు. "పైసలిస్తే అమ్మకమైతది మొగులమ్మా. నీకే నష్టం. నీ మంచి కోసమే ఇయ్యట్లేదు." తర్వాత చక్కటి దస్తూరితో రాసుకున్నాడు: మిగులు ఉత్పత్తి ఒకటి, అధికారి సమక్షంలో నశింపజేయబడినది.

ఇలా నలభై రోజులు సాగింది. నలభై ఒకటో రోజున రిజిస్టరు చూసిన పై కార్యాలయం ఒక ప్రశ్న వేసింది. మిగులు ఉత్పత్తిని నశింపజేసినది ఎవరు? అది నశించినట్టు ధ్రువీకరించినది ఎవరు? ఇద్దరూ ఒక్కరే అయితే పారదర్శకత ఎక్కడ?

దాంతో సూపరింటెండెంటు రావడం మొదలుపెట్టాడు. మొదట రొట్టెను చెరి సగం పరిశీలించారు. రెండోరోజే సూపరింటెండెంటు అభ్యంతరం చెప్పాడు. "ఒకే వస్తువును ఇద్దరు పంచుకుంటే పరిశీలన సగమే అవుతుంది. నమూనాలు వేరువేరుగా ఉండాలి." ఆయన కోసం పదమూడోది కాలింది. పదమూడు ఎందుకు కాలిందో చూడడానికి ఆడిట్ గుమాస్తా వచ్చాడు. రొట్టె నాణ్యత తెలియకుండా రొట్టె పోయిందని ఎలా అంటామని ఆహార నిపుణుడొకాయన వచ్చాడు. ఆయనకు కారం పడదు. పెరుగు తెప్పించాడు, మొగులమ్మ ఇంటి నుంచే. జీపు డ్రైవరు అధికారి కాడు కాబట్టి మొదట బయటే నిలబడేవాడు. తర్వాత ప్రజల తరఫు ప్రతినిధిగా అతనినీ చేర్చుకున్నారు.

నాలుగో నెలకు ఆ వసారాలో తొమ్మిది పళ్లాలు లేస్తున్నాయి. తవ్వతో రెండుసార్లు కొలవవలసి వస్తున్నది. ఒక్క రొట్టె అమ్మలేదు. అదే ఆమె అర్హత. రాచయ్య మిల్లులో రెండు షిఫ్టుల మూటలు మోసి జొన్నలు తెస్తున్నాడు. అతను వచ్చే వేళకు బుట్టలో ఎన్ని మిగిలి ఉంటాయో ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

"వీండ్లు మనం అమ్ముతలేమని సూడనీకి వస్తున్నరా, అమ్ముకునేటందుకు ఏం మిగలొద్దని వస్తున్నరా?" అని ఓరోజు శివ్వమ్మ అడిగింది, అందరికీ వినపడేలాగే.

"పెద్దమ్మ హాస్యచతురులు," అని సూపరింటెండెంటు ఇంకో రొట్టె పరిశీలనకు తీసుకున్నాడు.

మొగులమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నది. నూటపది. నూటపదకొండు. వానలు పడి పొయ్యిలో నీళ్లు చేరినప్పుడల్లా కళ్లు తుడుచుకుని, ఇంకెన్నాళ్లులే అనుకునేది.

ఇంతలో ఆమె సంగతి ఊళ్లో పాకింది. తొమ్మిదిమంది అధికారులు రోజూ ఇంటికి వస్తున్నారంటే మొగులమ్మకు దుకాణం వచ్చేసినట్టే అనుకున్నారు. పూల చెన్నమ్మ బుట్ట బోర్లించింది. గాజుల మహబూబ్బీ గాజుల పెట్టెకు తాళం వేసింది. కూరగాయలవాళ్లు, టీ కొట్టు ఆవిడ, బట్టలు కుట్టేవాళ్లు, చివరికి చింతకాయలమ్మే ముసలామె కూడా దరఖాస్తు పెట్టింది. అందరూ తొలి అడుగు కోసం అడుగు వెనక్కి తీసుకున్నారు. కంసాన్‌పల్లి జనం కొత్తిమీర కట్ట కోసం బస్సెక్కి పక్క ఊరికి పోవడం అలవాటు చేసుకున్నారు.

వికాస కేంద్రం పొంగిపోయింది. జిల్లా నుంచి ఒక షీల్డు వచ్చింది. దాన్ని అందుకునే సభలో వసుంధర మైకు ముందుకు వచ్చింది.

"నేను ఈ మండలానికి వచ్చిననాడు ఇక్కడ నూటనలభై మంది మహిళలు ఎక్కడ పడితే అక్కడ, ఏ ప్రణాళికా లేకుండా, వ్యాపారాలు చేసుకుంటూ ఉండేవారు. వారికి శిక్షణ లేదు, ధ్రువపత్రం లేదు, కనీసం ఒక ఫైలు లేదు. ఈనాడు గర్వంగా చెబుతున్నాను. ఈ మండలంలో వ్యాపారం చేస్తున్న మహిళ ఒక్కరు కూడా లేరు. అందరూ ఔత్సాహికులే!"

చప్పట్లు మోగాయి. సన్మానానికి పూలదండ కోసం వెతికారు. ఊళ్లో పూలు లేవు. ఎవరో పరుగెత్తుకెళ్లి పోయిన ఎన్నికలప్పటి కాగితం దండ ఒకటి తెచ్చారు. వెనక వరసలో కూర్చున్న చెన్నమ్మ ఆ దండ వైపు చూసి, "నేను కట్టిస్తుంటి గద," అన్నది మెల్లగా. పక్కన కూర్చున్న మొగులమ్మ ఆమె మోకాలు నొక్కింది. "సప్పుడు చెయ్యకు. లెక్క తప్పుతది."

నూటఎనభయ్యో గీత గీసిన మర్నాడు వాన పడుతున్నది. మొగులమ్మ నీలం చీర మళ్లీ కట్టుకుని, నిర్వ్యాపార ధ్రువీకరణ పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని కేంద్రానికి వెళ్లింది. వసుంధర లేచి నిలబడి చేయి కలిపింది.

"అభినందనలమ్మా. ఇవాళ్టి నుంచి మీరు సంపూర్ణ నూతన ఔత్సాహికురాలు. ఇక దుకాణం కేటాయింపు లాంఛనమే. మీ అనుభవ పత్రం ఇలా ఇవ్వండి."

"అదేంది మేడం?"

"దుకాణం ప్రజల ఆస్తి కదమ్మా. వ్యాపారం తెలియనివాళ్ల చేతుల్లో ఎలా పెడతాం? గత ఆరు నెలల్లో మీరు వ్యాపారం చేసినట్టు ఏదైనా ఆధారం చూపిస్తే చాలు."

మొగులమ్మ కవరులోని పత్రాన్ని చూసింది. అధికారిణినీ చూసింది. "మేడం, ఆరు నెలలు ఏం చెయ్యలేదని మీరే రాసిచ్చిండ్రు గద."

"అందుకే అడుగుతున్నాను. చేయలేదని మా దగ్గర నూటఎనభై పేజీల తిరుగులేని సాక్ష్యం ఉంది. తొమ్మిదిమంది సంతకాలున్నాయి. దాన్ని కాదనడం ఎవరి తరం?"

"మరి అంతకు ముందటి తొమ్మిదేండ్లు?"

"అవి రద్దయ్యాయి. మీరే స్వచ్ఛందంగా రద్దు చేసుకున్నారు." వసుంధర గొంతు తగ్గించి, దగ్గరి చుట్టంలా ముందుకు వంగింది. "నిరాశపడకండి. ఇంకో నూటఎనభై రోజులు అనుభవ సంపాదన కాలంగా ఇస్తాను. ఒక్కటే జాగ్రత్త. ఆ రోజుల్లో వ్యాపారం చేశారో, నూతన అర్హత పోతుంది."

"వ్యాపారం చెయ్యకుండ అనుభవం ఎట్లొస్తది మేడం?"

"ఎందుకు రాదమ్మా?" అధికారిణి నిష్కల్మషంగా ఆశ్చర్యపోయింది. "ఈ కార్యాలయంలో అందరం అలాగే సంపాదించాం."

తిరిగి వస్తూ మొగులమ్మ కాంప్లెక్సు ముందు ఆగింది. నాలుగో నంబరు షట్టరు సగం ఎత్తి ఉన్నది. లోపల నేల నుంచి కప్పు దాకా రిజిస్టర్లు. నిర్వ్యాపార రికార్డుల విభాగం అని బోర్డు. మిగతా ఏడింటిలోనూ అవే. నూటనలభై మంది ఏమీ చేయలేదన్న సంగతి రోజుకో పేజీ చొప్పున రాస్తే ఆ మాత్రం చోటు పట్టదూ మరి. బయట వాన దంచి కొడుతున్నది. పైన స్లాబు గట్టిగా ఉన్నది. ఒక్క పేజీ కూడా తడవడం లేదు. షట్టరు ముందు నాలుగు మెట్లు, వాటి మీదికి బారెడు పొడుగున స్లాబు చూరు. మెట్లు పొడిగా ఉన్నాయి. మొగులమ్మ కాసేపు వాటి మీదే నిలబడి, బస్సు దిగుతున్న జనాన్ని చూసింది.

మర్నాడు సాయంత్రం అయిదుకు ధనుంజయం ఒక్కడే వచ్చాడు. మిగిలినవాళ్లు షీల్డును రాజధానిలో చూపించడానికి వెళ్లారు. ఆయన కొత్త రిజిస్టరు తెరిచి, 'ఒకటో రోజు' అని రాసి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"నేను చెప్పి చూసిన మొగులమ్మా, మేడం వినలే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఆమె మసిలే నీళ్లు పోసి పిండి పిసుకుతున్నది. ఇవాళ తవ్వ అయిదుసార్లు మునిగి లేచిన సంగతి ఆయన గమనించలేదు. అలవాటుగా వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండోది బుట్టలో పడగానే పళ్లెం కాస్త ముందుకు జరిపాడు. ఆమె పదమూడోది కాల్చింది. పద్నాలుగోది కాల్చింది. ఇరవై దాటాక ఆయనకు మడవడానికి వేళ్లు చాలలేదు.

"మొగులమ్మా, పరిమితి దాటింది."

పెనం మీద రొట్టె పొంగింది. ఆమె తడిగుడ్డ అద్ది తిరగేసింది.

"ఇదంత నిల్వ కిందికొస్తది. ఇంట్ల నిల్వ ఉందని రాయాల్సొస్తది. ఆరు నెలల కష్టం వృథా చేసుకోకు!"

పదకొండు అత్త దగ్గర పెట్టి, మిగిలినవన్నీ తెల్లగుడ్డలో చుట్టి, బుట్టలో సర్ది, కారం గిన్నె పక్కన కుదిర్చి, మొగులమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. ఇన్నేళ్లూ నెత్తిన మోయని బరువుకు మెడ ఒక్కసారి ఊగి సర్దుకుంది. ఆయన పక్క నుంచే గడప దాటి, బస్టాండు వైపు తిరిగింది.

ధనుంజయం కలం గాలిలో ఉన్నది. "ఎక్కడికి పోతుంది పెద్దమ్మా?"

"నాలుగో నంబరుకు," అన్నది శివ్వమ్మ రొట్టె తుంచుతూ. "లోపట తావు లేదంట. మెట్ల మీద ఉన్నదంట. నువ్వు రాసుకో సారూ. ఇంట్ల నిల్వ లేదు, ఇంట్ల అమ్మకం లేదు. గింత నిజం ఆరు నెలల్ల ఒక్కనాడన్న రాసినవా?"

ఆయన బుట్ట ఉండే చోటు చూశాడు. పొయ్యి వైపు చూశాడు.

"పన్నెండోది మిగిలిందేమోనని సూస్తున్నవా? అది గూడ పోయింది. ఆడికి పోతే దొరుకుతది. కాకపోతే వరుసల నిలబడాలె."

ధనుంజయం రిజిస్టరు మూసి మంచం మీద పెట్టాడు. చొక్కా జేబు తడిమి చూసుకున్నాడు. లేచి, చెప్పులేసుకుని, బస్టాండు వైపు నడిచాడు.